రీబిల్డ్ చేసిన మజిల్ కార్ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతే ఏ వరసలో చెక్ చేయాలి?

నాది 1969 షెవర్లే కమారో, అంటే పెద్ద ఇంజిన్ తో వేగం కోసం చేసిన పాత అమెరికన్ మజిల్ కార్. ఇంజిన్ 350 స్మాల్ బ్లాక్ వీ8, అంటే 350 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. మిషిగన్ లో మా ఇంటి గ్యారేజ్ లో రెండేళ్ళు కూర్చుని దాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నా. సిలిండర్ల బోరింగ్, క్రాంక్ (పిస్టన్లతో తిరిగే ప్రధాన షాఫ్ట్) గ్రైండింగ్ బయట ఒక మెషిన్ షాపులో చేయించా, అసెంబ్లీ అంతా నేనే. 300 మైళ్ళు కూడా తిరగలేదు, ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి వెళ్తుంటే 40 మైళ్ళ స్పీడులో ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఇంజిన్ ఆగిపోయింది. దగ్గలేదు, పొగ లేదు, ఏ శబ్దమూ రాలేదు. పక్కకి తీసి ఒక ఇరవై సార్లు సెల్ఫ్ కొట్టా, అది చాలా పెద్ద తప్పని తర్వాత తెలిసింది, ఎందుకో కింద చెప్తా.

ముందు రోడ్డు మీద సంగతి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కిపోతుంది, బ్రేక్ బూస్టర్ లో వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, అందుకే పెడల్ ని పంపింగ్ చేయకుండా ఒకే తొక్కుతో నొక్కి పట్టుకుని పక్కకి రండి. పెట్రోల్ వాసన వస్తుంటే స్టార్ట్ చేయొద్దు, కింద లీక్ చూసుకోండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతిలో ఉండాలి.

1. బానెట్ తెరిచే ముందు ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్ లో లారీ మెకానిక్. ఆగిపోయిన బండి వస్తే ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఆగే ముందు ఏమైందో మొత్తం చెప్పించుకునేవారు, ఆ తర్వాతే స్పానర్ పట్టేవారు. ఇక్కడ డ్రైవర్ మీరే కాబట్టి మీరే చెప్పుకోవాలి. లైట్ ఆర్పినట్టు టక్కున ఆగితే దాదాపు ఇగ్నిషన్ వైపే. జెర్కులు ఇస్తూ, పికప్ పడిపోతూ, ఇంకొంచెం దూరం ఈడ్చుకుంటూ ఆగితే పెట్రోల్ అందట్లేదు. టకటక శబ్దమో, బరబరా ఒరుసుకున్న చప్పుడో, ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోవడమో ముందు జరిగితే లోపల ఏదో విరిగింది లేదా బేరింగ్ పోయింది, ఇక సెల్ఫ్ ముట్టుకోవద్దు, ఫ్లాట్‌బెడ్ పిలిపించి ఇంటికి తెచ్చుకోండి.

2. చేత్తో తిప్పండి

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఎనిమిది ప్లగ్గులూ ఊడదీసి, క్రాంక్ ముందున్న బ్యాలెన్సర్ బోల్ట్ కి సాకెట్ పెట్టి పెద్ద బ్రేకర్ బార్ తో ముందు నుంచి చూస్తే గడియారం దిశలో రెండు చుట్లు తిప్పండి. రెండు చుట్లూ సాఫీగా తిరగాలి. ప్లగ్గులు తీస్తున్నప్పుడే ఏదైనా సిలిండర్ లోంచి నీళ్ళో పెట్రోలో బయటకి వస్తే హైడ్రోలాక్ (సిలిండర్ లో ద్రవం నిండి పిస్టన్ కదలకపోవడం), అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది లేదా కార్బ్యురేటర్ లో ఫ్లోట్ మునిగిపోయి సిలిండర్ నింపేసి ఉంటుంది. అలాంటప్పుడు ప్లగ్గులు తీయకుండా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, నీళ్ళూ పెట్రోలూ గాలిలాగా నలగవు కదా. ఒక చోట గట్టిగా ఆగిపోతే బలవంతం చేయొద్దు, కింద ఆయిల్ ప్యాన్ విప్పాల్సిందే.

3. రోటర్ తిరుగుతోందా? ఈ ఒక్క చూపు సగం పని చేస్తుంది

నాకు అసలు విషయం దొరికింది ఇక్కడే. స్మాల్ బ్లాక్ షెవర్లేలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ని వరసగా ఒక్కో ప్లగ్గుకి పంచేది, రోటర్ దాని లోపల తిరిగే ముక్క) ఇంజిన్ వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ తో రెండు లాచ్‌లు నొక్కి తిప్పితే క్యాప్ వచ్చేస్తుంది. ఒకరు క్రాంక్ తిప్పుతుంటే ఇంకొకరు రోటర్ చూడాలి. క్రాంక్ తిరుగుతున్నా రోటర్ కదలకపోతే వాల్వ్ కవర్ ఒకటి తీసి రాకర్లు (వాల్వులని నొక్కే చేతులు) చూడండి. రాకర్లు కూడా కదలకపోతే క్రాంక్ నుంచి క్యామ్ ని (వాల్వులు తెరిచే షాఫ్ట్) తిప్పే టైమింగ్ చైన్ తెగింది లేదా క్యామ్ విరిగింది. రాకర్లు కదులుతున్నా రోటర్ ఆగి ఉంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అడుగున, క్యామ్ తో తిరిగే గేర్ ని పట్టుకునే చిన్న పిన్ తెగిపోయింది, లేదా గేర్ పళ్ళు అరిగిపోయాయి. స్టీల్ రోలర్ క్యామ్ వేసి డిస్ట్రిబ్యూటర్ కి పాత పోత ఇనుము గేరే ఉంచేస్తే పళ్ళు ఇలాగే తినేస్తుంది, క్యామ్ తయారు చేసినవాళ్ళు చెప్పిన గేరే వేయాలి.

ఈ ఇంజిన్ లో ఆయిల్ పంప్ తిరిగేది ఆ డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ తోనే. రోటర్ ఆగిందంటే ఆయిల్ పంప్ కూడా ఆగినట్టే. ఇగ్నిషన్ కూడా అదే క్షణంలో పోతుంది కాబట్టి ఇంజిన్ తనంతట తను ఆగి బేరింగ్స్ మిగుల్తాయి, కానీ ఆ తర్వాత మనం కొట్టే ప్రతి సెల్ఫ్ కొత్త బేరింగ్స్ ని ఆయిల్ లేకుండా తిప్పడమే. నేను ఇరవై సార్లు చేసింది అదే. తర్వాత విప్పి చూస్తే రెండు బేరింగ్స్ మీద గీతలు పడి ఉన్నాయి, చూసి చాలా బాధేసింది.

రోటర్ కదిలినా, క్రాంక్ ని ముందుకీ వెనక్కీ తిప్పినప్పుడు 10 డిగ్రీలు దాటాక గానీ రోటర్ కదలట్లేదంటే చైన్ సాగిపోయినట్టే.

4. స్పార్క్

రోటర్ బాగానే తిరుగుతుంటే బ్యాటరీ పెట్టుకుని ఇటు రండి. కీ ఆన్ చేసి కాయిల్ (స్పార్క్ కి హై వోల్టేజ్ ఇచ్చేది) పాజిటివ్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. పాత పాయింట్ల సిస్టమ్ లో (పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంట్ ని తెంచే చిన్న స్విచ్), పాయింట్లు మూసుకుని ఉంటే 6 నుంచి 9 వోల్టులు, తెరుచుకుని ఉంటే బ్యాటరీ వోల్టేజ్ రావాలి. ఏమీ రాకపోతే కీ స్విచ్, ఫైర్‌వాల్ (ఇంజిన్ కీ క్యాబిన్ కీ మధ్య రేకు) మీద పెద్ద కనెక్టర్, ఫ్యూజిబుల్ లింక్ వరసగా చూడండి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు అందుకుని కీ వదలగానే ఆగిపోతుంటే మాత్రం కాయిల్ కి కరెంట్ తగ్గించి ఇచ్చే రెసిస్టర్ పోయిందని దాదాపు ఖాయం. కమారోలో అది హార్నెస్ లో కలిసిపోయిన వైర్ లాగా ఉంటుంది, డాడ్జ్ ఛార్జర్, ప్లిమత్ లాంటి వాటిలో ఫైర్‌వాల్ మీద తెల్లటి పింగాణీ ముక్క, వాటి ఓనర్లు చాలామంది గ్లవ్ బాక్స్ లో ఒకటి స్పేర్ పెట్టుకుని తిరుగుతారు, మంచి అలవాటు. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ వేసుకుని ఆ రెసిస్టర్ వైర్ మార్చకపోతే మాడ్యూల్ కి పూర్తి 12 వోల్టులు అందవు, వేడెక్కాక ఏడిపిస్తుంది.

కాయిల్ నెగెటివ్ కి టెస్ట్ లైట్ పెట్టి సెల్ఫ్ కొడితే మిణుకు మిణుకుమనాలి. వెలిగినట్టే ఉండిపోతే పాయింట్లు మూసుకోవట్లేదు, అస్సలు వెలగకపోతే మూసుకునే ఉండిపోయాయి లేదా కండెన్సర్ షార్ట్. గ్యాప్ కొత్త పాయింట్లకి 0.019 అంగుళం, వాడినవాటికి 0.016, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 30 డిగ్రీలు.

రీబిల్డ్ బండ్లలో ఇంకో సంగతి, పెయింట్. ఇంజిన్ కి, ఫ్రేమ్ కి అందంగా పెయింట్ వేసి దాని మీదే గ్రౌండ్ స్ట్రాప్ బిగించేస్తాం, నెల రోజులు బాగానే ఉంటుంది, తర్వాత వైబ్రేషన్ కి వదులైపోతుంది. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్ కి, బ్లాక్ కి మధ్య 0.5 వోల్ట్ కంటే ఎక్కువ చూపిస్తే గ్రౌండ్ బాలేదు, పెయింట్ గీకి మళ్ళీ బిగించండి.

5. పెట్రోల్

ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉంచి, థ్రాటిల్ చేత్తో లాగండి, కార్బ్యురేటర్ లోపల రెండు సన్నటి ధారలు కొట్టాలి. రాకపోతే బౌల్ (కార్బ్యురేటర్ లో పెట్రోల్ నిలవ ఉండే గిన్నె) ఖాళీ. మొహం కార్బ్యురేటర్ మీద పెట్టి ఉండగా ఎవర్నీ సెల్ఫ్ కొట్టనివ్వొద్దు, బ్యాక్‌ఫైర్ అయితే మంట నేరుగా మొహం మీదకే. తర్వాత స్పార్క్ రాకుండా కాయిల్ పాజిటివ్ వైర్ పీకేసి, కార్బ్యురేటర్ దగ్గర లైన్ విప్పి డబ్బాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. మెకానికల్ పంప్ బాగుంటే ధార గట్టిగా కొట్టుకుంటూ రావాలి, 30 సెకన్లలో దాదాపు అర లీటర్. పది నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అయ్యి కొంత దూరం పోయి ఆగుతుంటే ట్యాంక్ మూత తీసి చూడండి, ఉస్స్ మని గాలి లోపలికి పీల్చుకుంటే వెంట్ మూసుకుపోయింది. అది కాకపోతే ట్యాంక్ లోపల పూసిన సీలర్ పెచ్చులూడి జల్లెడకి అడ్డం పడుతోందేమో చూడండి.

6. స్పార్కూ పెట్రోలూ రెండూ ఉంటే కంప్రెషన్

థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్ కి ఐదారు స్ట్రోకులు. అన్నిటికంటే తక్కువ వచ్చింది, ఎక్కువ వచ్చినదాంట్లో 75 శాతం అయినా ఉండాలి. పక్కపక్కన రెండు సిలిండర్లు కలిసి పడిపోతే హెడ్ గ్యాస్కెట్.

7. దొరికింది కదా అని ఆగొద్దు, ఎందుకు విరిగిందో చూడండి

నాకు ఐదు నిమిషాల్లో తెగిన పిన్ దొరికింది. కొత్త పిన్ వేసి స్టార్ట్ చేసేద్దాం అనిపించింది, చేతిలో పిన్ కూడా ఉంది. కానీ పిన్ ఊరికే ఎందుకు తెగుతుంది? చాలావరకు ఆయిల్ పంప్ లో ఏదో ఇరుక్కుని షాఫ్ట్ ని పట్టేస్తే తెగుతుంది. ఆయిల్ ఫిల్టర్ ని కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే క్యామ్, లిఫ్టర్లు, రింగులు. రాగి రంగు మెరుపు ఉంటే బేరింగ్ పై పొర పోయి లోపలి రాగి పొర దాకా అరిగింది. అంటుకోని వెండి రంగు అయితే పిస్టన్ గానీ బేరింగ్ పై పొర గానీ. ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్ లేని లిఫ్టర్లు వాడే రకం) క్యామ్ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు 2000 నుంచి 2500 ఆర్పీఎం దగ్గర 20, 30 నిమిషాలు నడపకపోయినా, ఆయిల్ లో జింక్ తక్కువైనా క్యామ్ లోబ్ (వాల్వ్ ని ఎత్తే ఉబ్బెత్తు భాగం) అరిగి ఆ పొడి మొత్తం ఇంజిన్ అంతా తిరుగుతుంది.

నేను ప్యాన్ దించి పంప్ విప్పితే గేర్ల మధ్య గోరంత ఇనప ముక్క, మెషినింగ్ లో మిగిలింది. మెషిన్ షాపువాళ్ళు కడిగాం అన్నారు, నేను మళ్ళీ కడగలేదు. బ్లాక్ ఆయిల్ దారులన్నీ బ్రష్ పెట్టి కడిగి, కొత్త బేరింగ్స్, కొత్త పంప్ వేశా, పంప్ ఆయిల్ పీల్చుకునే పికప్ గొట్టం ఊడకుండా వెల్డింగ్ చుక్క పెట్టించా.

డిస్ట్రిబ్యూటర్ తిరిగి పెట్టే ముందు, ఆ రంధ్రంలోంచి ప్రైమింగ్ రాడ్ దించి డ్రిల్ తో గడియారం దిశలో తిప్పండి. డ్రిల్ బరువుగా లాగుతూ ప్రెషర్ ముల్లు లేవాలి, తేలిగ్గా తిరిగిపోతుంటే పంప్ ఆయిల్ తీసుకోవట్లేదు. తర్వాత ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి, గాలి తన్నుతుండగా టైమింగ్ గుర్తు సున్నా దగ్గరకి తెచ్చి, రోటర్ ఒకటో వైర్ వైపు ఉండేలా దించండి. కిందకి పూర్తిగా కూర్చోకపోతే క్లాంప్ బిగించి లాగొద్దు, పంప్ రాడ్ గాడి కలవలేదని అర్థం, పొడుగు స్క్రూడ్రైవర్ తో గాడిని కొంచెం తిప్పి మళ్ళీ దించండి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. మొదటి 50 మైళ్ళకే ఫిల్టర్ తీసి కోసి చూశా, మడతల్లో ఆయిల్ తప్ప ఏమీ లేదు.