కపాల నాడులను పరీక్షించడం ఎలా? వైద్య విద్యార్థుల కోసం

కపాల నాడులు, అంటే మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులు, 12 జతలు. పేర్లు వరసపెట్టి చెప్పమంటే మొదటి ఏడాది విద్యార్థులు కూడా తడుముకోకుండా అప్పజెప్పేస్తారు. వాళ్లనే రోగి ఎదుట కూర్చోబెట్టి చేసి చూపించమంటే మాత్రం టార్చ్ కోసం జేబులు వెతుక్కుంటారు, ముఖ కండరాలు చూస్తూ చూస్తూ మళ్లీ కనుపాపల దగ్గరికి వెళ్తారు, నాలుక చూడటం మరచిపోతారు. తెలియక కాదు, చేయి తిరగక.

తర్వాత ఏం అడగాలా అని ఆలోచిస్తూ ఉంటే ఎదురుగా ఉన్న ముఖంలో ఏం జరుగుతోందో కంటికి ఆనదు. అందుకే చేతులకూ నోటికీ ఈ క్రమం పూర్తిగా అలవాటైపోవాలి. అప్పుడే కళ్లకు తీరిక దొరుకుతుంది. రోగిని ముట్టుకోకముందు తోటి విద్యార్థుల మీద వీలైనన్నిసార్లు చేయండి. ఆరోగ్యవంతుల్లోనూ ఎన్ని తేడాలుంటాయో అప్పుడే తెలుస్తుంది. దాదాపు ఐదుగురిలో ఒకరికి రెండు కనుపాపలూ ఒకే సైజులో ఉండవు, అయినా వాళ్లకు ఏ జబ్బూ ఉండదు. మామూలు ముఖాలు బాగా ఎరిగినవాళ్లకే జబ్బు ముఖం పట్టుబడుతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

పెన్ టార్చ్, స్నెల్లెన్ చార్ట్ (చూపు పరీక్షించే అక్షరాల పటం), ఎర్ర తల ఉన్న పొడవాటి గుండుసూది, దూది, ఒకసారి వాడి పారేసే పరీక్ష సూది, 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, ఆఫ్తాల్మోస్కోప్ (కంటి లోపలికి చూసే పరికరం), టంగ్ డిప్రెసర్ (నాలుకను అదిమే పుల్ల), సుత్తి, ఒక గ్లాసు నీళ్లు. అన్నీ ముందే ఒక ట్రేలో, వాడే వరసలో పెట్టుకోండి.

చేతులు కడుక్కుని, మీరెవరో చెప్పి, ఏం చేయబోతున్నారో వివరించి, అనుమతి అడగండి. తర్వాత రోగికి ఎదురుగా, మీ కళ్లు ఆయన కళ్లకు సమానమైన ఎత్తులో ఉండేలా కూర్చోండి. నిలబడి చేస్తే దృష్టి క్షేత్రం (ఒకచోటే చూస్తున్నప్పుడు చుట్టూ కనబడే మేర) పరీక్ష మొదట్లోనే తప్పుతుంది.

ముట్టుకోకముందు చూడండి

అర నిమిషం చాలు. ఒక రెప్ప వాలి ఉందా? ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగే మడత ఒకవైపు చదునుగా ఉందా? మెల్ల ఉందా? తల ఒక పక్కకు వంచి కూర్చున్నారా? చెవి వెనక ఆపరేషన్ మచ్చ, చెవిలో వినికిడి యంత్రం ఉన్నాయా? పేరు అడిగినప్పుడు గొంతు బొంగురుగా వచ్చిందా, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చిందా? సగం జవాబులు ఇక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత చేసేదంతా ఇక్కడ కలిగిన అనుమానాన్ని తేల్చుకోవడానికే.

మొదటి నాడి: వాసన

వార్డులో చాలాసార్లు ఒక ప్రశ్నతోనే సరిపోతుంది: "ఈమధ్య వాసనలు తెలియడంలో తేడా ఏమైనా వచ్చిందా?" వచ్చిందంటే ముందు జలుబు, ముక్కు దిబ్బడ లేవని నిర్ధారించుకుని, ఒక్కో ముక్కురంధ్రాన్ని విడిగా కాఫీ పొడి లాంటి పరిచితమైన వాసనతో పరీక్షించండి. అమ్మోనియా మాత్రం వాడకండి. అది ఐదో నాడిని మండిస్తుంది కాబట్టి వాసన తెలియనివాళ్లు కూడా ఉలిక్కిపడతారు. తలకు దెబ్బ తగిలినవాళ్లను ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

రెండో నాడి: తొందరపడకూడని చోటు

చూపు, దృష్టి క్షేత్రం, కనుపాపలు, ఫండస్ (కంటి లోపలి వెనక గోడ). నాలుగూ చూస్తేనే ఆప్టిక్ నాడిని పరీక్షించినట్టు.

చూపును ఒక్కో కన్నుకు విడిగా, 6 మీటర్ల దూరంలో స్నెల్లెన్ చార్ట్‌తో చూడండి. కళ్లద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే చదవాలి. మనకు కావలసింది నాడి సంగతి, అద్దాల నంబరు కాదు. పై అక్షరం కూడా కనబడకపోతే దగ్గరికి జరిపి చూడండి. తర్వాత వేళ్లు లెక్కపెట్టించండి, అదీ కుదరకపోతే చేయి ఊపడం తెలుస్తోందా అని, చివరగా వెలుతురు తెలుస్తోందా అని అడగండి.

దృష్టి క్షేత్రానికి ఒక మీటరు దూరంలో కూర్చోండి. ముందు ఇద్దరూ రెండు కళ్లూ తెరిచి ఉండగా, "నా ముక్కు వైపే చూడండి. నా ముఖంలో ఏ భాగమైనా మసకగా ఉందా, కనబడటం లేదా?" అని అడగండి. తర్వాత మీ రెండు చేతులూ చాచి ఒకసారి కుడి వేలు, ఒకసారి ఎడమ వేలు, ఒకసారి రెండూ కదపండి. విడివిడిగా కదిపినప్పుడు రెండూ తెలిసి, ఒకేసారి కదిపినప్పుడు ఒకటే తెలిస్తే లోపం మెదడులోని పరైటల్ లోబ్‌లో ఉండొచ్చు.

ఆ తర్వాత ఒక్కో కన్ను. రోగి తన కుడి కన్నును అరచేత్తో మూస్తే మీరు మీ ఎడమ కన్ను మూయాలి. "నా కంట్లోకే చూస్తూ ఉండండి, వేలు కనబడగానే చెప్పండి." వేలు మీ ఇద్దరికీ సరిగ్గా మధ్యలో ఉండాలి. రోగి వైపు జరిగితే మీ క్షేత్రంతో పోల్చడం అర్థం లేనిదవుతుంది. నాలుగు మూలల నుంచి ఏటవాలుగా లోపలికి తీసుకురండి. నిట్టనిలువుగానో అడ్డంగానో తెస్తే లోపం ఉన్న భాగానికీ లేని భాగానికీ మధ్య ఉన్న గీత మీదే వేలు నడుస్తుంది, తేడా దొరకదు. మీ చూపు వేలి మీద కాదు, రోగి కంటి మీద ఉండాలి. ఆ కన్ను వేలి కోసం పక్కకు తిరిగిందంటే మళ్లీ చేయాల్సిందే. రెండు కళ్లలోనూ బయటి సగాలు పోతే పిట్యూటరీ దగ్గర, ఆప్టిక్ కయాజం (రెండు ఆప్టిక్ నాడులూ కలిసే చోటు) మీద ఒత్తిడి పడుతోందేమో ఆలోచించాలి. రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం పోతే లోపం కయాజం వెనక, ఎదురు వైపున ఉంటుంది.

కనుపాపలకు గది వెలుతురు తగ్గించి, రోగిని దూరంగా గోడ వైపు చూడమనండి. దగ్గరి వస్తువును చూస్తే కనుపాపలు వాటంతట అవే ముడుచుకుంటాయి. టార్చ్ పక్క నుంచి తెచ్చి వేయండి. వెలుతురు పడిన కనుపాపా ముడుచుకోవాలి, రెండోదీ ముడుచుకోవాలి. ఇప్పుడు టార్చ్‌ను ఒక కంటి నుంచి మరో కంటికి మార్చుతూ, ఒక్కో కంటి దగ్గర రెండు మూడు సెకన్లు ఆపండి. వెలుతురు పడగానే కనుపాప ముడుచుకోవాల్సింది పోయి పెద్దదైతే ఆ వైపు ఆప్టిక్ నాడి దెబ్బతిందని గట్టి ఆధారం. నాకు ఈ మొత్తం పరీక్షలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే. శుక్లం ఎంత ముదిరినా అదొక్కటే ఈ మార్పు తీసుకురాదు. చూపు మందగించడానికి శుక్లమే కారణమని అందరూ అనుకుంటున్నప్పుడు ఈ చిన్న టార్చ్ మరో దారి చూపిస్తుంది. చివరగా దూరం చూస్తున్నవారిని దగ్గరి వేలి వైపు చూడమని, కనుపాపలు ముడుచుకుంటున్నాయేమో గమనించండి.

ఆఫ్తాల్మోస్కోప్ అంటే విద్యార్థులకు భయం. నియమం ఒక్కటే: రోగి కుడి కన్నుకు మీ కుడి చేయి, మీ కుడి కన్ను. ఎడమ కన్నుకు ఎడమవి. సుమారు 15 డిగ్రీలు బయటి పక్క నుంచి, ముందు ఎర్రటి మెరుపును పట్టుకుని, దాన్ని వదలకుండా దగ్గరికి వెళ్లండి. ఏదో ఒక రక్తనాళం కనిపిస్తుంది. అది లావయ్యే వైపు సాగితే డిస్క్ (ఆప్టిక్ నాడి కంటిని కలిసే చోటు) చేరతారు. దాని అంచులు స్పష్టంగా ఉన్నాయా, చెరిగిపోయినట్టున్నాయా అన్నదే మొదట తేల్చుకోవాల్సింది.

మూడు, నాలుగు, ఆరు: కంటి కదలికలు

"తల కదపకుండా, కళ్లతోనే నా వేలిని చూస్తూ ఉండండి. ఎక్కడైనా రెండుగా కనబడితే చెప్పండి." వేలు ఒక చేయి దూరంలో ఉంచి ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో నెమ్మదిగా కదపండి. తల తిప్పేవాళ్లకు గడ్డం మీద మీ వేలు తేలిగ్గా ఆనించండి. మరీ అంచుకు తీసుకెళ్తే ఆరోగ్యవంతులకూ కన్ను రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది, దాన్ని నిస్టాగ్మస్ (కన్ను అదుపు లేకుండా కొట్టుకునే లక్షణం) అని రాసేయకండి.

రెండుగా కనబడుతోందంటే వెంటనే ఒక కన్ను మూయించండి. అప్పుడూ రెండుగానే ఉంటే సమస్య నాడిలో లేదు, ఆ కంటిలోనే ఉంది. ఒకటే కనబడితే, రెండు బొమ్మలూ బాగా దూరమయ్యే దిక్కు ఏదో వెతకండి. ఆ దిక్కుకు లాగే కండరమే బలహీనమైనది. అక్కడ వేలు ఆపి ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే బయటి వైపు బొమ్మ మాయమవుతుందో, లోపం ఆ కంటిలో ఉంది.

మూడో నాడి పడిపోతే రెప్ప వాలి, కన్ను కిందికీ బయటికీ తిరిగి ఉంటుంది. అప్పుడు వెంటనే కనుపాప చూడండి. అది కూడా పెద్దదై ఉంటే, అందులోనూ నొప్పి ఉంటే, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ధమని మీద ఉబ్బిన బుడగ (అన్యూరిజం) నాడిని నొక్కుతూ ఉండొచ్చు. పరీక్ష పూర్తయ్యేదాకా ఆగకుండా పెద్ద డాక్టరును పిలవండి. మధుమేహం వల్ల వచ్చే పక్షవాతంలో కనుపాప తరచూ మామూలుగానే ఉంటుంది. దాన్ని ముడిచే పోగులు నాడి పైపొరలో ఉంటాయి, రక్తప్రసారం తగ్గి దెబ్బతినేది లోపలి భాగం. నాలుగో నాడి రోగులు మెట్లు దిగేటప్పుడు, చదివేటప్పుడు రెండుగా కనిపిస్తోందంటారు, తలను మంచి వైపుకు వంచి కూర్చుంటారు. ఆరో నాడి పడిపోతే కన్ను బయటికి తిరగదు. తలలో ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడికి మూలం ఎక్కడున్నా ఈ నాడి దెబ్బతినొచ్చు.

రెప్ప వాలినవాళ్లను ఒక నిమిషం పాటు పైకే చూడమనండి. చూస్తుండగానే రెప్ప ఇంకా జారిపోతే అది నాడి జబ్బు కాకపోవచ్చు, మయస్తీనియా (వాడేకొద్దీ కండరాలు అలసిపోయే జబ్బు) అయ్యుండొచ్చు.

ఐదు: ముఖ స్పర్శ, దవడ

దూదిని ముందు ఛాతీ ఎముక మీద ఆనించి, "ఇలా తగిలినట్టు అనిపిస్తే చెప్పండి" అని చూపించండి. కళ్లు మూసుకోమని నుదురు, బుగ్గ, గడ్డం పక్క రెండు వైపులా పోల్చండి. దూదితో గీయకండి, ఆనించి తీయండి. సూదితోనూ అలాగే. దవడ కోణం మీది చర్మం ఈ నాడిది కాదు, మెడ నాడులది. అక్కడ పరీక్షిస్తే తికమకపడతారు.

పళ్లు బిగించమని కణతల దగ్గర, దవడ మీద కండరాలు తాకి చూడండి. నోరు తెరవమని మీ చేత్తో అడ్డుకోండి. దవడ బలహీనమైన వైపుకు జరుగుతుంది. గడ్డం మీద వేలు పెట్టి సుత్తితో తేలిగ్గా కొట్టి దవడ రిఫ్లెక్స్ కూడా చూడండి. కార్నియా రిఫ్లెక్స్‌ను అవసరమైనప్పుడే, చెప్పి చేయండి. కాంటాక్ట్ లెన్సులు తీయించి, రోగిని పైకి చూడమని, పక్క నుంచి తెచ్చిన దూదిపోగును నల్లగుడ్డు అంచుకు తాకించాలి, తెల్లగుడ్డుకు కాదు. స్పర్శ తీసుకెళ్లేది ఐదో నాడి, రెప్ప మూయించేది ఏడో నాడి.

ఏడు: ముఖ కదలికలు

ఇక్కడ మీరు చేసి చూపిస్తూ అడగండి, రోగులు తేలిగ్గా అనుకరిస్తారు. "కనుబొమలు పైకెత్తండి. కళ్లు గట్టిగా మూసుకోండి, నేను తెరవబోతాను, తెరవనివ్వకండి. బుగ్గలు పూరించండి. పళ్లు చూపించండి."

నుదుటి మీద ముడతలు పడ్డాయా లేదా అన్నదే ఈ నాడికి ఆయువుపట్టు. ముఖం కింది భాగం జారినా నుదురు బాగానే ముడుచుకుంటే లోపం మెదడులో, ఎదురు వైపున ఉంది. నుదుటికి రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. ముఖం మొత్తం ఆ పక్క కదలకపోతే లోపం నాడిలోనో, మెదడు కాండంలో అది మొదలయ్యే కణాల్లోనో ఉంది. బెల్స్ పాల్సీలో (ఏడో నాడి ఉన్నట్టుండి పడిపోయే జబ్బులో) అలాగే ఉంటుంది. కన్ను మూయబోతే రెప్ప మూతపడక గుడ్డు పైకి తిరగడం కనిపిస్తుంది. ఇలాంటివాళ్ల చెవిలో, చెవి చుట్టూ నీటి పొక్కులున్నాయేమో, చెవి కింద గడ్డ ఉందేమో తప్పక చూడండి. రుచి గురించి, శబ్దాలు మరీ గట్టిగా వినిపించడం గురించి అడగండి.

ఎనిమిది: వినికిడి

ఒక చెవి ముందు మెత్తటి భాగాన్ని వేలితో నొక్కి రుద్దుతూ, రెండో చెవి దగ్గర చేయి దూరం నుంచి అంకెలు గుసగుసగా చెప్పండి. పెదవులు కనబడకుండా వెనక ఉండండి. తేడా ఉంటే ఫోర్క్ తీయండి. దాన్ని బల్లకేసి కొట్టకండి, మీ మోచేతికి తట్టండి. పిడిని చెవి వెనక ఎముక మీద, తర్వాత కొమ్ములను చెవి ముందు పెట్టి ఎక్కడ గట్టిగా వినిపించిందో అడగండి. గాలి ద్వారా గట్టిగా వినిపించడం మామూలు, దాన్నే రిన్నే పాజిటివ్ అంటాం. ఎముక ద్వారా గట్టిగా వినిపిస్తే శబ్దం లోపలికి చేరడంలో అడ్డంకి ఉంది. ఇప్పుడు వెబర్: పిడి నుదుటి మధ్యలో. అడ్డంకి ఉంటే ధ్వని చెడిన చెవి వైపు, నాడి దెబ్బతింటే మంచి చెవి వైపు వినిపిస్తుంది. పూర్తిగా వినికిడి పోయిన చెవికి రిన్నే ఒక్కటే చేస్తే మోసపోతారు, ఎముక ద్వారా రెండో చెవి వింటుంది కాబట్టి. రెండూ కలిపే అర్థం చెప్పుకోవాలి.

తొమ్మిది నుంచి పన్నెండు

నోరు తెరిచి "ఆ" అనమనండి. మెత్తటి అంగిలి రెండు పక్కలా సమానంగా లేవాలి. ఒక పక్క పదో నాడి (వేగస్) పనిచేయకపోతే కొండనాలుక మంచి వైపుకు లాగబడుతుంది. దగ్గమనండి, నీళ్లు ఒక గుక్క తాగించి గమనించండి. గొంతులో పుల్ల పెట్టి వాంతి రిఫ్లెక్స్ చూడటం అందరికీ అక్కర్లేదు, రోగికి అది నిజంగా బాధ.

పదకొండో నాడికి భుజాలు ఎగరేయించి అదమండి. తర్వాత తల ఎడమ వైపు తిప్పమని మీ చేత్తో అడ్డుకోండి. అప్పుడు పనిచేసేది కుడి మెడ కండరం. దాన్ని రెండో చేత్తో తాకి చూడండి.

పన్నెండో నాడికి నాలుకను ముందు నోట్లో ఉండగానే చూడాలి. బయటికి చాపిన నాలుక అందరిలోనూ కాస్త వణుకుతుంది. లోపల పడుకున్న నాలుకలో పురుగులు పాకినట్టు కదలిక, ఒకవైపు చిక్కిపోవడం ఉంటే అవి నిజమైన లక్షణాలు. తర్వాత చాపమనండి. దవడలాగే నాలుక కూడా లోపం ఉన్న వైపుకే తిరుగుతుంది.

కనుగొన్నది చెప్పడం

"కపాల నాడులు నార్మల్" అని ఒక్క ముక్కలో రాయకండి. కనుపాపల సైజు మిల్లీమీటర్లలో, చూపు ఒక్కో కంటికి, రిఫ్లెక్స్ ఉందా లేదా అన్నది రాయండి. ఒకటికి మించి నాడులు దెబ్బతింటే అవి ఎక్కడ కలిసి నడుస్తాయో ఆలోచించండి. మూడు, నాలుగు, ఆరుతో పాటు ఐదులో పై శాఖ పోతే కేవర్నస్ సైనస్ (పిట్యూటరీ పక్కన ఉండే సిరల గది). ఐదు, ఏడు, ఎనిమిది పోతే సెరిబెల్లోపాంటైన్ కోణం (చిన్నమెదడుకూ పాన్స్‌కూ మధ్య మూల). తొమ్మిది, పది, పదకొండు పోతే జుగులర్ ఫోరామెన్ (పుర్రె అడుగున అవి బయటికొచ్చే రంధ్రం). ముఖం మొత్తం కుడివైపు పడిపోయి, కాలూ చేయీ ఎడమవైపు బలహీనమైతే లోపం కుడివైపు మెదడు కాండంలో, పాన్స్‌లో ఉంటుంది. ఆ సంగతి ముఖం ఒక్కటే చూస్తే తెలియదు. కాబట్టి ట్రే సర్దేముందు చేతులు, కాళ్ల బలం కూడా చూడండి.