భారతీయ డ్రైవింగ్ లైసెన్సును జర్మనీ లైసెన్సుగా మార్చుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి కారు నడిపి, చదువు కోసమో ఉద్యోగం కోసమో జర్మనీకి వచ్చినవారు లైసెన్సు మార్పిడి అనగానే ఒక కార్డు ఇచ్చి మరో కార్డు తీసుకోవడమే అనుకుంటారు. జర్మన్ భాషలో దీనికి వాడే ‘ఉమ్‌ష్రైబుంగ్’ అనే మాటకు ‘తిరగరాయడం’ అని అర్థం కాబట్టి, ఆ పేరు కూడా ఈ అపోహను పెంచేదే. జపాన్, దక్షిణ కొరియా, అమెరికాలోని పలు రాష్ట్రాల లైసెన్సులకు మినహాయింపులిస్తూ జర్మనీ చట్టంలో ఒక జాబితా ఉంది, కానీ అందులో భారతదేశం లేదు. అందువల్ల మనం రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ ఉత్తీర్ణులం కావాలి. మనకు లభించే అసలు వెసులుబాటు ఏమిటంటే, కొత్తగా నేర్చుకునేవారికి తప్పనిసరైన 14 థియరీ తరగతులు, హైవే మీద, ఊరి వెలుపల, రాత్రివేళ చేయాల్సిన 12 ప్రత్యేక డ్రైవింగ్ పాఠాలు మనకు తప్పనిసరి కావు.

మొదటి మెట్టు: ఆరు నెలల గడువును లెక్కకట్టుకోవడం

జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న రోజు నుంచి ఆరు నెలల వరకు మాత్రమే భారతీయ లైసెన్సుతో ఇక్కడ వాహనం నడపవచ్చు. నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకున్న తేదీ, అంటే ‘ఆన్‌మెల్డుంగ్’ తేదీ, దీనికి సాధారణంగా ఆధారంగా నిలుస్తుంది. ఏడాదిలోపే తిరిగి వెళ్లిపోతామని ఆధారాలు చూపగలిగినవారికి మరో ఆరు నెలల వరకు పొడిగింపు దొరకవచ్చు. భారతదేశంలో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది కదా అని ధైర్యంగా నడిపేవారున్నారు. అది సరికాదు. ఆ పర్మిట్ మన లైసెన్సుకు తోడుగా ఉండే పత్రమే తప్ప ఆరు నెలల గడువును ఒక్కరోజు కూడా పెంచదు. గడువు దాటాక నడపడం చలానాతో పోయే తప్పు కాదు, జరిమానా లేదా ఏడాది వరకు జైలు శిక్ష పడగల నేరం.

గడువు దాటినంత మాత్రాన మార్పిడి హక్కు పోదు, నడిపే హక్కు మాత్రమే ఆగిపోతుంది. అయితే ఆ తరువాత స్నేహితుడి కారులో అభ్యాసం చేసే వీలుండదు, డ్రైవింగ్ స్కూలు శిక్షకుడి పక్కన కూర్చుని మాత్రమే నడపాలి. దరఖాస్తు చేసేనాటికి భారతీయ లైసెన్సు చెల్లుబాటులో ఉందని మీరే రాతపూర్వకంగా ధ్రువీకరించాలి కాబట్టి, గడువు తేదీ దగ్గరపడుతుంటే స్వదేశంలో ఉండగానే పునరుద్ధరించుకోవడం తెలివైన పని. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. జర్మనీలో స్థిరపడ్డాక సెలవులకు ఊరికి వెళ్లి అక్కడ కొత్తగా తీసుకున్న లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఎల్‌ఎల్‌ఆర్ కూడా చెల్లదు.

రెండవ మెట్టు: కాగితాలు

పాస్‌పోర్టు, నివాస నమోదు పత్రం, బయోమెట్రిక్ ఫోటో, భారతీయ లైసెన్సు అసలు కార్డు, దాని జర్మన్ అనువాదం, కంటి పరీక్ష ధ్రువపత్రం, ప్రథమ చికిత్స శిక్షణ ధ్రువపత్రం అవసరమవుతాయి. అనువాదాన్ని కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుల చేతగానీ, ఆడాక్ అనే మోటారు వాహనదారుల సంఘం ద్వారాగానీ చేయించుకోవాలి, సొంతంగా చేసిన అనువాదం పనికిరాదు. ఫోన్‌లోని డిజిలాకర్ ప్రతిని అసలు కార్డుగా అంగీకరించరు కనుక, ప్రయాణానికి ముందే కార్డు చేతిలో ఉండేలా చూసుకోవాలి. దాని మీది పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయో లేదో కూడా సరిచూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లలో అతి సాధారణం. ఇక్కడి గుమాస్తాకు అది ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లలా కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు.

కంటి పరీక్ష కళ్లద్దాల దుకాణంలో నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చు కూడా కొద్ది యూరోలే. ప్రథమ చికిత్స శిక్షణ మాత్రం 45 నిమిషాల పాఠాలు తొమ్మిది కలిపి ఒక పూర్తి రోజు తీసుకుంటుంది. పెద్ద నగరాల్లో అది ఆంగ్లంలో కూడా జరుగుతుంది.

మూడవ మెట్టు: డ్రైవింగ్ స్కూలును ఎంచుకుని దరఖాస్తు చేయడం

తరగతులు తప్పనిసరి కాకపోయినా డ్రైవింగ్ స్కూలు లేకుండా పని జరగదు. రోడ్డు పరీక్షను స్కూలు వారి కారులో, శిక్షకుడు పక్కన ఉండగా మాత్రమే ఇవ్వాలి, స్కూలు పేరును దరఖాస్తులోనే రాయాల్సి ఉంటుంది. కాబట్టి ముందుగా ఆంగ్లంలో బోధించే శిక్షకుడు ఉన్న ‘ఫార్‌షూలే’ను వెతుక్కుని, మీది ఉమ్‌ష్రైబుంగ్ అని మొదటే స్పష్టంగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే కొత్తగా నేర్చుకునేవారి ప్యాకేజీ చేతిలో పెట్టే అవకాశం ఉంది. తరువాత ‘ఫ్యూరర్‌షైన్‌ష్టెల్లె’ అనే లైసెన్సు కార్యాలయంలో అపాయింట్‌మెంట్ తీసుకుని దరఖాస్తు సమర్పించాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే నగరాలున్నాయి, ఆ పైన పరిశీలనకు మరికొన్ని వారాలు పడుతుంది. అందుకే జర్మనీకి వచ్చిన తొలి నెలలోనే ఈ పని మొదలుపెట్టడం మేలు. ఇక్కడ మన ఎల్‌ఎమ్‌వీకి సమానమైనది ‘బి’ తరగతి. మోటారు సైకిల్‌కు వేరే తరగతి, వేరే పరీక్ష ఉంటాయి.

నాలుగవ మెట్టు: రాత పరీక్ష

కంప్యూటర్ ముందు కూర్చుని 30 ప్రశ్నలకు జవాబులివ్వాలి. ఆంగ్లంతో సహా 12 విదేశీ భాషల్లో ఈ పరీక్ష రాయవచ్చు. తెలుగు, హిందీ వాటిలో లేవు. ప్రశ్న తీవ్రతను బట్టి తప్పు జవాబుకు రెండు నుంచి ఐదు వరకు తప్పుల పాయింట్లు పడతాయి, మొత్తం పది దాటితే ఫెయిల్ చేస్తారు. ఐదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే, అంతా కలిపి పదే అయినా ఫెయిల్ కిందే లెక్క. ఒక ప్రశ్నకు సరైన జవాబులు ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు, అన్నిటినీ గుర్తిస్తేనే అది సరైనట్లు.

అనుభవమున్న డ్రైవర్లు ఈ పరీక్షను తేలికగా తీసుకుని దెబ్బతింటారు. ఉదాహరణకు ‘రెష్ట్స్ ఫోర్ లింక్స్’, అంటే ‘ఎడమకంటే కుడి ముందు’ అనే నియమాన్ని చూడండి. గుర్తులు, సిగ్నళ్లు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి, అది చిన్న సందులోంచి వచ్చే పాత సైకిల్ అయినా సరే, దారి ఇవ్వాలి. పెద్ద రోడ్డు మీద ఉన్నవాడిదే హక్కు, పెద్ద బండిదే ముందు అన్న మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. బ్రేకు దూరాల లెక్కలు కూడా అడుగుతారు. వేగాన్ని పదితో భాగించి మూడుతో హెచ్చిస్తే మనం స్పందించేలోగా బండి వెళ్లే దూరం, వేగాన్ని పదితో భాగించి వర్గం కడితే బ్రేకు వేశాక వెళ్లే దూరం వస్తాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అవి వరుసగా 15, 25 మీటర్లు, మొత్తం 40 మీటర్లు. సైకిల్‌ను దాటేటప్పుడు ఊళ్లో ఒకటిన్నర మీటర్లు, ఊరి వెలుపల రెండు మీటర్ల ఎడం ఉంచాలన్న నియమాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అధికారిక ప్రశ్నలన్నీ ఉన్న యాప్‌లో రోజుకు అరగంట చొప్పున కొన్ని వారాలు సాధన చేస్తే సరిపోతుంది. రాత పరీక్ష ఉత్తీర్ణత 12 నెలలే చెల్లుతుంది, ఆలోగా రోడ్డు పరీక్ష పూర్తి చేయాలి.

ఐదవ మెట్టు: రోడ్డు పరీక్ష

చాలామంది తడబడేది ఇక్కడే. ట్యూఫ్ లేదా డెక్రా సంస్థకు చెందిన పరీక్షకుడు వెనుక సీట్లో కూర్చుంటాడు. ముందు టైర్లు, లైట్ల వంటివాటి మీద ప్రశ్నలు, తరువాత డ్రైవింగ్, చివర చర్చ కలిపి సుమారు 55 నిమిషాలు పడుతుంది. సూచనలు జర్మన్‌లోనే ఇస్తారు కాబట్టి కుడి, ఎడమ, తదుపరి కూడలి, పార్క్ చేయండి, తిప్పండి వంటి ఆదేశాలను శిక్షకుడి చేత ముందే జర్మన్‌లో చెప్పించుకుని అలవాటు చేసుకోవాలి.

మన చేతులు, కాళ్లు మరచిపోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టీరింగు ఎడమవైపు, బండి నడపాల్సింది రోడ్డుకు కుడివైపు అన్న తేడాకు రెండు మూడు పాఠాల్లో అలవాటుపడతాం. దానికంటే కష్టమైనది ‘షుల్టర్‌బ్లిక్’, అంటే లేన్ మారేముందు, మలుపు తిరిగేముందు మెడ తిప్పి భుజం మీదుగా చూడటం. అద్దాల్లో చూసుకుని హారన్ కొట్టి పక్కకు జరగడమే మనకు తెలిసిన పద్ధతి, ఇక్కడ ప్రమాదం ముంచుకొస్తే తప్ప హారన్ కొట్టకూడదు. కుడివైపు తిరిగేటప్పుడు భుజం మీదుగా సైకిల్‌వారి కోసం చూడకపోవడం పరీక్షలో పెద్ద తప్పు, నిజ జీవితంలో అయితే ఒక ప్రాణం. అతి నెమ్మదిగా నడపడం కూడా లోపంగానే పరిగణిస్తారు. శిక్షకుడు తన వైపు బ్రేకు తొక్కాడంటే పరీక్ష అక్కడితో ముగిసినట్లే. ఫెయిలైతే మళ్లీ రాయడానికి సాధారణంగా కనీసం రెండు వారాలు ఆగాలి.

ఎన్ని పాఠాలు తీసుకోవాలన్నది మీ ఇష్టమే అయినా, రెండు పాఠాలతో సరిపెట్టి రెండుసార్లు పరీక్ష రుసుము కట్టడం కంటే, ఒకసారి ఆటోబాన్ అనే హైవే మీద, ఒకసారి రాత్రివేళ, నాలుగైదుసార్లు పరీక్ష జరిగే వీధుల్లో నడపడం చవక.

కార్డు అందుకునే రోజు

ఉత్తీర్ణులయ్యాక ఇచ్చే జర్మనీ కార్డు 15 ఏళ్లు చెల్లుతుంది. భారతీయ లైసెన్సు తీసుకున్నప్పటి నుంచి గడిచిన కాలాన్ని కొత్త డ్రైవర్లకు ఉండే రెండేళ్ల పరిశీలన కాలంలో కలుపుతారు కాబట్టి, పాత లైసెన్సు రెండేళ్లు దాటినదైతే ఆ నిబంధనలు మీకు వర్తించవు. కొత్త కార్డు ఇచ్చేటప్పుడు భారతీయ కార్డును కార్యాలయం వారు తీసుకుంటారు. సమంజసమైన కారణం చూపితే దానిని ఉంచుకోనివ్వడానికి అవకాశం ఉన్నా, అది అధికారి నిర్ణయం. అప్పగించే ముందు కార్డు రెండు వైపులా స్కాన్ చేసి, నంబరు, జారీ చేసిన ఆర్టీఓ పేరు రాసిపెట్టుకోండి.