బ్రాండు పేర్లు, 4వ పాఠం: సబ్బు దగ్గర జారిపడ్డవారికి

పోయిన పాఠంలో ఒక సబ్బుకు పేరు పెట్టమన్నాను. వచ్చిన పేర్లలో సగానికి పైగా ‘స్వచ్ఛం’, ‘నురగ’, ‘పరిమళం’ చుట్టూనే తిరిగాయి. తప్పు కొంత నాది. పేరు సరుకును గుర్తుకు తేవాలన్నాను. మీరు వర్ణించాలని చదువుకున్నారు. అందుకే లోగోల సంగతి వాయిదా వేసి మళ్లీ ఇక్కడికే వచ్చాను.

నురగ అనే మాట సబ్బు చేసే ప్రతివారికీ కావాలి. అందరికీ అవసరమైన మాటను ట్రేడ్‌మార్కు చట్టం ఒక్కరికి సులువుగా రాసివ్వదు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వినగానే మీరే గుర్తొచ్చేలా చేస్తే వేరే సంగతి. అంత ఓపిక నాకైతే లేదు. పండ్లు అమ్మేవారికి ‘యాపిల్’ మీద హక్కు రాదు, కంప్యూటర్లు అమ్మేవారికి వచ్చింది. అర్థమే లేని మాట ఇంకా గట్టిది. జార్జ్ ఈస్ట్‌మన్ తన కెమెరాకు 1888లో నమోదు చేయించిన ‘కొడాక్’ అలాంటిదే. ఆయనకు ‘కె’ అక్షరం మీద మక్కువ, అందుకే మొదటా చివరా అదే. నా ఓటు ఎప్పుడూ ఇలాంటి పేర్లకే.

ఇక నన్ను విసిగించే ప్రశ్న: ‘మా పేరే సరుకు పేరైపోతే అంతకన్నా ఏం కావాలి?’ అలా అయిన రోజున పేరు మీ చేయి జారినట్టే. ‘ఎస్కలేటర్’ ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్కు. ఆ కంపెనీయే తన ప్రకటనల్లో దాన్ని ఎలివేటర్ (లిఫ్టు) లాంటి మామూలు మాటగా రాసుకుంది. 1950లో అమెరికాలో హక్కు పోయినప్పుడు ఆ రాతలే దానికి ఎదురుతిరిగాయి. ‘థెర్మాస్’ 1963లో అదే దారి పట్టింది. మందుల కంపెనీ బేయర్ వారి ‘ఆస్పిరిన్’ కథ ఇంకా చిత్రం. ఆ మందు అసలు పేరు అసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం. తలనొప్పితో ఉన్నవాళ్లు దుకాణంలో అంత మాట పలుకుతారా? ఆస్పిరిన్ అనే అడిగారు. జనానికి ఆ మందుకు వేరే పేరే తెలియదని 1921లో అమెరికా కోర్టు తేల్చింది. కెనడాలో మాత్రం అది నేటికీ బేయర్ సొత్తే.

కాబట్టి కొత్త వస్తువు తెస్తే రెండు పేర్లు పెట్టండి: ఒకటి మీది, ఒకటి అందరిదీ. రెండోది నోరు తిరిగేలా ఉండాలి. ప్యాకెట్టు మీద రెండూ పక్కపక్కనే వేయండి.

అభ్యాసం, మరిచేపోయాను: ఒక రోజంతా మీ చేతికి తగిలే ప్రతి వస్తువుకూ ఈ రెండు పేర్లూ రాయండి. రెండోది తట్టని ప్రతిచోటా మీరే మూడు కల్పించి, ఇంట్లో ఎవరికైనా ఫోనులో ఒక్కసారే చెప్పి రాయించండి. తప్పుగా రాస్తే ఆ పేరు కొట్టేయండి.