ధర్నా చౌక్‌కు కెమెరాతో వెళ్లే ముందు

హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో డాక్యుమెంటరీకి షూటింగ్ పెట్టుకున్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• దగ్గరి షాట్ తీసే ముందు మనిషిని అడగండి, ఒప్పుకోలు కెమెరాలోనే రికార్డు చేయండి. కాంట్రాక్ట్ కార్మికులకు ఒక్క క్లిప్‌తో ఉద్యోగం పోవచ్చు. పొద్దున సరేనన్నవాళ్లు సాయంత్రం వద్దంటే తీసేయాల్సిందే. మన సినిమా కంటే వాళ్ల జీతం ముఖ్యం.

• లైవ్ పెట్టకండి. వెళ్లిపోయిన ముఖాన్ని తర్వాత బ్లర్ చేయలేం.

• ఒరిజినల్ మెమరీ కార్డు చెరపకండి, హ్యాష్ విలువ (ఫైల్ ఏమాత్రం మారినా మారిపోయే దాని డిజిటల్ గుర్తు) రాసుకోండి. వీడియోను కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ధ్రువపత్రానికి అది కావాలి.

• 144 సెక్షన్ పెట్టారేమో కనుక్కోండి. ఇప్పుడది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163వ సెక్షన్.

• ఫోన్‌కు వేలిముద్ర తీసేసి పిన్ పెట్టండి. వేలు పట్టుకుని తెరవడం తేలిక.

• కాలర్ మైక్ మరవొద్దు. నినాదాల హోరులో కెమెరా మైక్‌కు మాటలు అందవు.