భూమి కింద రైలు మారేటప్పుడు తప్పిపోకుండా ఉండాలంటే

మెట్రోలో నేరుగా వెళ్లేవాళ్లకి ఏ గొడవా లేదు, ఎక్కామా దిగామా అంతే. తిప్పలన్నీ సిటీ నడిబొడ్డున భూమి కింద రెండు మూడు లైన్లు కలిసే స్టేషన్లో రైలు మారాల్సి వచ్చినప్పుడే. అక్కడ దిక్కులు తెలీవు, జీపీఎస్ పనిచేయదు, వెనకాల జనం తోసుకొస్తుంటారు. ఓసారి అమ్మతో వెళ్తూ నేను ముందు దిగేశా, వెనక్కి చూసేసరికి డోర్లు మూసుకుపోయాయి, అమ్మ లోపలే ఉండిపోయింది. ఆ పది నిమిషాలు నేను పడ్డ భయం ఇంకెవరూ పడకూడదనే ఇది రాస్తున్నా.

బయల్దేరేముందే మారాల్సిన లైన్ రంగు, మీరు వెళ్లే వైపు ఆ లైన్ ఆఖరి స్టేషన్ పేరు, చివర్లో బయటికెళ్లే ఎగ్జిట్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. వీటిలో ఆఖరి స్టేషన్ పేరు అస్సలు మర్చిపోవద్దు, ఎందుకంటే ప్లాట్‌ఫాం బోర్డు మీద చాలాసార్లు మీరు దిగే స్టేషన్ ఊసే ఉండదు, రైలు ఎందాకా పోతుందో అదే ఉంటుంది, ఒక్క రంగు చూసుకుని ఎక్కేస్తే లైన్ కరెక్టే గానీ అటు పోవాల్సినవాళ్లు ఇటు పోతారు. టోక్యోలో 2004 నుంచి స్టేషన్లకి అక్షరం, నంబరు కలిపి కోడ్ ఇచ్చారు, మెక్సికో సిటీలో అయితే చదవడం రానివాళ్లు కూడా గుర్తుపట్టేలా ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ ఉంటుంది, అలాంటి చోట పేరు కన్నా అవే తేలిక.

దిగగానే డోర్ ముందు ఆగకండి, నాలుగడుగులు పక్కకొచ్చి గోడ వారగా నిలబడి అప్పుడు బోర్డు చూడండి. ఎస్కలేటర్ దిగే చోట ఆగడం ఇంకా ప్రమాదం, వెనకున్నవాళ్లు ఆగుదామన్నా మెట్లు వాళ్లని మీ మీదకి తెస్తూనే ఉంటాయి.

ఎగ్జిట్ గేటు కనబడగానే కార్డు పెట్టేయొద్దు, ముందు మీ లైన్ రంగు బాణం ఎటుందో చూడండి. కొన్ని సిటీల్లో వేరే కంపెనీ లైన్‌కి మారాలంటే గేటు దాటక తప్పదు, ఆ బాణమే గేటు వైపు చూపిస్తే వెళ్లండి.

ఇంకోటి, మెట్లే ఎక్కక్కర్లేని స్టేషన్లు కూడా ఉంటాయి. లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో విక్టోరియా, బేకర్లూ లైన్లు ఒకే ప్లాట్‌ఫాంకి అటూ ఇటూ ఆగుతాయి. సింగపూర్‌లో సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్ రెండూ వరుస స్టేషన్లు, రెండింట్లోనూ అవే రెండు లైన్లు కలుస్తాయి, మీరు వెళ్లే దిక్కుని బట్టి ఒకదాంట్లో మారితే ఎదురుగానే రైలు, ఇంకోదాంట్లో మారితే అంతస్తు మారాలి. మ్యాప్‌లో ఇలాంటి జంట కనిపిస్తే ఎక్కడ దిగాలో ముందే తేల్చుకోండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది ఎంత మేలో చెప్పలేను.

నేల మీద ఉబ్బెత్తు పలకలుంటాయి చూడండి, అవి 1967లో జపాన్‌లోని ఒకాయామాలో చూపులేనివాళ్ల కోసం మొదలైనవి, పొడుగు గీతలుంటే ఇటు నడవమని, చుక్కలుంటే ఆగమని. దయచేసి వాటి మీద బ్యాగులు పెట్టొద్దు.

పెద్దవాళ్లనీ పిల్లల్నీ తీసుకెళ్తే వాళ్లని ముందు దింపి మీరు వెనక దిగండి. ఎక్కేముందే ఈ మాట అనుకోండి, ఎవరైనా రైల్లో ఉండిపోతే తర్వాతి స్టేషన్లో దిగి ఆ ప్లాట్‌ఫాం మీదే కదలకుండా ఉండాలి, రెండోవాళ్లు వెనక రైల్లో అక్కడికే రావాలి. లోపల ఫోన్ సిగ్నల్ దొరకకపోయినా ఈ ఒప్పందం పనిచేస్తుంది.