క్లాసికల్ క్రిస్టియన్ స్కూల్‌ను చూసి ఎంచుకోవడం ఎలా

అమెరికాలో పిల్లల్ని క్లాసికల్ క్రిస్టియన్ స్కూల్లో, అంటే లాటిన్, తర్కం లాంటి పాతకాలపు యూరప్ చదువును క్రైస్తవ విశ్వాసంతో కలిపి నేర్పే బడిలో వేద్దామనుకుంటే, ముందు ఒక పూట తరగతుల్లో కూర్చోండి. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల రచయిత్రి డొరోతీ సేయర్స్ చేసిన ప్రసంగం ఈ బడులకు ఊపిరి. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు మెట్లను ఆమె పిల్లల ఎదుగుదలకు ముడిపెట్టారు: చిన్నప్పుడు వల్లె వేయడం, తర్వాత వాదించడం, ఆపైన చక్కగా చెప్పడం.

మూడో తరగతి పిల్లలు "అమో, అమాస్, అమాత్" (ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు) అని మన ఎక్కాల్లాగే లాటిన్ వల్లిస్తుంటారు. ఆ వయసుకి అది ఆటే. ఒకణ్ణి పిలిచి "అమాత్ అంటే?" అని అడగండి. "ప్రేమిస్తాడు, చివరి 'త్' వల్ల తెలుస్తుంది" అన్నాడా, చదువు సాగుతున్నట్టే. తెల్లమొహం వేస్తే ఉత్త బట్టీ.

ఏడు, ఎనిమిది తరగతుల్లో వాదంలో లొసుగు పట్టడం నేర్పాలి. ఎదురుప్రశ్న వేసిన పిల్లను టీచర్ కసిరితే తర్కం పుస్తకం ఉన్నా దండగే. పన్నెండో తరగతిలో థీసిస్ (ఒక వాదనను నిలబెట్టే పెద్ద వ్యాసం) రాసి, పెద్దల ముందు నిలబడి సమర్థించుకుంటారా అన్నదీ కనుక్కోండి.

బైబిల్ ఒక్క పీరియడ్‌కే పరిమితమైతే పేరు మాత్రమే మిగిలినట్టు. "ఇది నిజమా, మంచిదా, అందమైనదా" అన్న ప్రశ్న చరిత్రలో, సైన్సులో కూడా వినపడాలి. ఈ చదువు ప్రాణం అక్కడే ఉంది.

ఆరో తరగతి దాటాక చేర్చేవాళ్లు వేసవంతా రోజుకు 20 నిమిషాలు లాటిన్ పదాలు చదివించండి. తోటివాళ్లకు అప్పటికే మూడు, నాలుగేళ్ల లాటిన్ వచ్చి ఉంటుంది.