అవుట్‌బోర్డ్ ఇంజన్‌కి మంచినీళ్లు పట్టించారా?

వేట నుంచి రాగానే చేపలు దించుతారు, వల సర్దుతారు, పడవ వెనక బిగించిన ఇంజన్ మీద పట్టా కప్పి ఇంటికెళ్లిపోతారు. ఉప్పాడ ఒడ్డున నా దగ్గరికి రిపేరుకొచ్చేవి ఎక్కువగా ఆ పట్టా కింద పాడైనవే.

కారుకున్నట్టు దీనికి రేడియేటర్ లేదు. సముద్రపు నీళ్లే లాక్కుని, లోపల తిప్పి, బయటికి వదులుతుంది. ఆ నీళ్లు లోపలే ఆరితే ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. అందుకని డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీళ్లు పీల్చే జాలీలు బాగా మునిగేలా ఇంజన్‌ని బిగించి, పది నిమిషాలు స్లోలో నడపండి. గేరు వేయొద్దు. నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పేస్తే ఇంకా మేలు. నీళ్లు లేకుండా స్టార్టు మాత్రం చేయకండి, పంపులోని రబ్బరు రెక్కలు సెకన్లలో కాలిపోతాయి. ఆపాక ఇంజన్‌ని నిలువుగా ఉంచితే మిగిలిన నీళ్లు వాటంతటవే కారిపోతాయి.

నడుస్తున్నంతసేపూ పక్కనుంచి చిమ్మే సన్నటి ధార మీద ఓ కన్నేయండి. ఆగిందా, ఇంజన్ ఆపేయండి. ముందు జాలీకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుందేమో చూడండి, తర్వాత ధార వచ్చే రంధ్రంలో తంగూసు ముక్క దూర్చి ఆడించండి. చాలాసార్లు అంతే.

అప్పటికీ ధార బలంగా రాకపోతే ఇంపెల్లర్, అంటే పంపులోని ఆ రబ్బరు రెక్కల చక్రం చూడాల్సిందే. నన్నడిగితే మన ఒడ్డున ఉప్పుకన్నా ముందు ఇసుకే దాన్ని తినేస్తుంది. కెరటాల్లోంచి బోటు ఒడ్డెక్కించేటప్పుడు పంపు లాక్కునేది సగం ఇసుకే! కింది గేర్ కేసు దించి పంపు మూత విప్పండి. రెక్కలు ఒకే పక్కకి వాలిపోయి, వేలితో లేపినా నిలబడకపోతే మార్చేయండి. రెక్క చివర తెగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా పైగొట్టంలో వెతకాలి, లేదంటే పైన ఎక్కడో అడ్డంపడి కొత్త ఇంపెల్లర్ వేసినా వేడెక్కుతుంది. రెక్కలు తిరిగే స్టీలు కప్పు లోపల గోరుతో గీయండి. గాడి తగిలితే కప్పూ కొత్తదే వేయాలి. బిగించేటప్పుడు షాఫ్టుని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ దించితే రెక్కలు సరైన వైపు వంగుతాయి. షాఫ్టు మీది చిన్న కీ జారిపోతుంది, కింద గుడ్డ పరుచుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం, ఈ పనికి అదే అదను. అప్పుడే థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్లకి దారి తెరిచే మూత) కూడా తీసి వేడినీళ్లలో వేయండి. నీళ్లు మరిగినా నోరు తెరవకపోతే పారేయడమే. అసలది పీకేసి నడిపేవాళ్లున్నారు. ఇంజన్ తగినంత వేడెక్కక ప్లగ్గులు మసిబారతాయి, ఇంధనం ఖర్చు పెరుగుతుంది. కొత్తది వేయించుకోండి, దాంతోపాటు ప్యాకింగూ మార్చండి.